ఆ 27 కిలోమీటర్ల గొట్టంలో ప్రోటాన్లను ఎలా తిప్పుతారు, మెకానికల్ వాళ్ళకి అక్కడేం పని?

బొబ్బిలి నుంచి డిప్లొమా మెకానికల్ చదువుతున్న తమ్ముడు అడిగింది ఇదీ: జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన సంస్థలో ఉన్న పెద్ద యాక్సిలరేటర్‌లో, అంటే కణాలను మహా వేగంగా తిప్పే యంత్రంలో, ప్రోటాన్లను దేనితో తోస్తారు, అంత వేగంలో గొట్టానికి తగలకుండా ఎలా తిప్పుతారు, ఒకవేళ తగిలితే చుట్టుపక్కల ఊళ్ళ సంగతేంటి, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెట్టాలనుకుంటున్న అణు విద్యుత్ కేంద్రం గురించి మన దగ్గర భయపడుతున్నట్టు అక్కడా భయపడాలా, చివరగా మెకానికల్ డిప్లొమా వాడికి అలాంటి చోట పనేమైనా ఉంటుందా.

నేను ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్‌లో ఇండస్-2 యాక్సిలరేటర్ వాక్యూమ్ పనుల్లో చాలా ఏళ్ళు ఉండి ఇప్పుడు విజయనగరం వచ్చేశాను. ఇండస్-2 చుట్టుకొలత 172.5 మీటర్లు, సెర్న్‌లోని లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌ది దాదాపు 27 కిలోమీటర్లు. సైజులో పోలికే లేదు కానీ గొట్టం, మ్యాగ్నెట్, పంపు, అతుకు, వీటి బాధలు రెండు చోట్లా ఒకటే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. అందరూ ఎదురెదురుగా తిరిగే ప్రోటాన్లను "ఢీకొట్టడం" గురించే అడుగుతారు. ఢీకొట్టడం ఆ యంత్రంలో నాలుగే నాలుగు చోట్ల జరుగుతుంది. మిగతా 27 కిలోమీటర్ల ఇనుము, రాగి, హీలియం అంతా ప్రోటాన్లు దేనికీ తగలకుండా గంటల తరబడి తిరగడానికే పెట్టారు. ఇది బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు సైజు చూడు. ఆ వలయం అడ్డంగా 8 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, మన విజయనగరంలో మూడు లాంతర్ల జంక్షన్‌ని మధ్యలో పెట్టి గీస్తే పైడితల్లి గుడి, కోట, గంటస్తంభం, రైల్వే స్టేషను అన్నీ లోపలే పడిపోతాయి. అదంతా భూమి లోపల, సగటున 100 మీటర్ల లోతులో, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దు కింద సొరంగంలో ఉంది. సొరంగం దీని కోసం తవ్వింది కాదు, 1989 నుంచి 2000 దాకా అందులో లెప్ అనే పాత యంత్రం నడిచింది, దాన్ని తీసేసి దీన్ని పెట్టారు.

ప్రోటాన్లు వచ్చేది ఒక హైడ్రోజన్ సిలిండర్ నుంచి. అంతకు మించిన రహస్యం ఏమీ లేదు. హైడ్రోజన్ పరమాణువులో ఉన్నదే ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. ఇప్పుడు వాడే పద్ధతిలో ముందు దానికి ఇంకో ఎలక్ట్రాన్ తగిలించి రుణావేశం ఇచ్చి తోస్తారు, తర్వాతి యంత్రంలోకి వెళ్ళేటప్పుడు పలచటి రేకు గుండా పంపి రెండు ఎలక్ట్రాన్లనూ ఊడబీకుతారు, ప్రోటాన్ మిగులుతుంది. దాన్ని నేరుగా పెద్ద వలయంలో వెయ్యరు. లైనాక్-4 (లైనాక్ అంటే సూటిగా తోసే యాక్సిలరేటర్), బూస్టర్, ప్రోటాన్ సింక్రోట్రాన్, సూపర్ ప్రోటాన్ సింక్రోట్రాన్ అని వరసగా నాలుగు యంత్రాలు దాటించి 450 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (ఎలక్ట్రాన్ వోల్టు అంటే కణాల శక్తిని కొలిచే యూనిట్, గిగా అంటే వంద కోట్లు) శక్తి వచ్చాకే పెద్దదానిలోకి పంపుతారు. వీటిలో ప్రోటాన్ సింక్రోట్రాన్ 1959 నుంచి నడుస్తోంది. అంత పాత యంత్రం ఇప్పటికీ అలా పనిచేస్తోందంటే దాన్ని చూసుకున్న మెకానిక్కులకు దండం పెట్టాలి.

తోయడం దేనితో అన్నావు. తోసేది విద్యుత్ క్షేత్రం, అంటే వోల్టేజీ. లోపల బోలుగా ఉండే లోహపు పెట్టెల్లో, వాటిని క్యావిటీలు అంటారు, సెకనుకు 40 కోట్ల సార్లు దిశ మారే రేడియో తరంగం నింపుతారు. సరైన సమయానికి వచ్చిన ప్రోటాన్‌కి ముందుకు తోపు తగులుతుంది. ఒక్కో బీమ్‌కి, అంటే ఒక దిశలో తిరిగే ప్రోటాన్ల ధారకి, ఇలాంటి క్యావిటీలు ఎనిమిదే ఉన్నాయి, 27 కిలోమీటర్లలో తోసే చోటు ఇదొక్కటే. అందుకే గుండ్రంగా తిప్పుతారు, అదే పెట్టెల గుండా మళ్ళీ మళ్ళీ పంపొచ్చు కదా. ప్రోటాన్ ఒక్క సెకనులో 11,245 చుట్లు తిరుగుతుంది. 450 నుంచి 6,800 గిగా ఎలక్ట్రాన్ వోల్టులకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. లెక్కేస్తే కోటీ ముప్పై లక్షలకు పైగా చుట్లు, చుట్టుకి సగటున అర మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర్లో తోపు. ఒక్క దెబ్బలో పెద్ద తోపు ఎక్కడా ఉండదు, చిన్న తోపునే అన్ని సార్లు గతి తప్పకుండా ఇవ్వాలి.

ఇక్కడ పుస్తకాల్లో సరిగ్గా చెప్పని సంగతి ఒకటుంది. ఈ 20 నిమిషాల్లో ప్రోటాన్ వేగం పెరిగేది చాలా తక్కువ. పెద్ద వలయంలోకి వచ్చేటప్పటికే కాంతి వేగానికి సెకనుకు 650 మీటర్లు తక్కువలో ఉంటుంది, చివరికి సెకనుకు 3 మీటర్లు తక్కువలోకి వస్తుంది. శక్తి మాత్రం 15 రెట్లు అవుతుంది. కాంతిని దాటలేదు కాబట్టి ఇచ్చిన శక్తి వేగంగా మారకుండా ద్రవ్యవేగంగా మారుతుంది, అంటే వంచడం అంతకంతకూ కష్టమవుతుంది. మ్యాగ్నెట్ల బలం కూడా దానితో పాటే, రెండూ సరిసమానంగా పెంచుకుంటూ పోవాలి. ఒకటి ముందు ఒకటి వెనక అయితే బీమ్ గోడకి పోతుంది. సింక్రోట్రాన్ అనే పేరు వచ్చింది ఇందుకే.

మరి ప్రోటాన్లన్నీ ఒకే సమయానికి ఎందుకు వస్తాయి, కొన్ని ముందూ వెనకా కావా అని అడగాలి నువ్వు. అవుతాయి. కాస్త ఎక్కువ శక్తి ఉన్నది కొంచెం వెడల్పు దారిలో తిరిగి ఆలస్యంగా వస్తుంది, అప్పటికి తరంగం తగ్గుముఖం పట్టి ఉంటుంది కాబట్టి దానికి తక్కువ తోపు దొరుకుతుంది. శక్తి తక్కువైనది ముందే వచ్చి ఎక్కువ తోపు తింటుంది. అలా వాటంతటవే గుంపు మధ్యకి సర్దుకుంటాయి. 1944లో రష్యాలో వెక్స్లర్, 1945లో అమెరికాలో మెక్‌మిలన్ ఎవరికి వారు కనిపెట్టారు దీన్ని. నన్నడిగితే యాక్సిలరేటర్ల చరిత్రలో అన్నిటికన్నా అందమైన ఆలోచన ఇదే, ఇది లేకపోతే ఇంత పెద్ద యంత్రం గురించి ఎవరూ కల కూడా కనేవారు కాదు. ఆ గుంపులనే బంచ్‌లు అంటారు. డిజైన్ ప్రకారం ఒక్కో దిశలో 2,808 బంచ్‌లు, బంచ్‌కి పదివేల కోట్లకు పైగా ప్రోటాన్లు. ఇన్ని ఉన్నా, రెండు దిశల్లో తిరిగే ప్రోటాన్లన్నీ కలిపి తూస్తే గ్రాములో వంద కోట్లవ వంతు బరువు ఉంటాయి, అంతే.

ఇప్పుడు తిప్పడం. మ్యాగ్నెట్ తొయ్యదు, దారి మాత్రమే మళ్ళిస్తుంది. జొన్న చేలో పిట్టలకి వడిసెల తిప్పేటప్పుడు తాడు రాయిని లోపలికి లాగుతూనే ఉంటుంది, వదిలావా సూటిగా పోతుంది. ఆ తాడు పని ఇక్కడ మ్యాగ్నెట్లది. అలాంటి వంచే మ్యాగ్నెట్లు 1,232 ఉన్నాయి, ఒక్కోటి 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు, 8 టెస్లాలకు పైగా బలం. విశాఖ ఆసుపత్రుల్లో ఎమ్మారై తీస్తారే, అది మామూలుగా ఒకటిన్నరో మూడో టెస్లాలు. ఒకే ఇనుప దిమ్మలో పక్కపక్కనే రెండు గొట్టాలు పెట్టి, రెండింట్లో క్షేత్రం ఎదురెదురు దిశల్లో వచ్చేలా చుట్టారు. రెండు బీమ్‌లూ ప్రోటాన్లే, తిరిగేది మాత్రం ఎదురెదురుగా, అందుకని. వంచేవి కాక బీమ్‌ని సన్నగా బిగించి పట్టే మ్యాగ్నెట్లు, చిన్న చిన్న తేడాలు సరిచేసేవి వేలల్లో ఉన్నాయి.

అంత బలం రావాలంటే తీగలో 11,000 ఆంపియర్లకు పైగా కరెంటు పోవాలి. మామూలు రాగి తీగ అయితే కాలిపోతుంది. అందుకే నియోబియం, టైటానియం కలిపిన తీగ వాడి, మైనస్ 271.3 డిగ్రీలకు చల్లబరుస్తారు. ఆ చలిలో దానికి విద్యుత్ నిరోధం ఉండదు, అంటే సూపర్ కండక్టర్ అవుతుంది. చల్లబరచడానికి సుమారు 120 టన్నుల హీలియం కావాలి. ఆ ఉష్ణోగ్రతలో హీలియం సూపర్‌ఫ్లూయిడ్ అవుతుంది, జిగట లేకుండా ఎంత సన్నని సందులోకైనా దూరి వేడిని లాగేస్తుంది.

ఇక్కడి నుంచి నీ మెకానికల్ మొదలవుతుంది, జాగ్రత్తగా చదువు. మామూలు ఉష్ణోగ్రత నుంచి మైనస్ 271కి వెళితే 15 మీటర్ల మ్యాగ్నెట్ నాలుగైదు సెంటీమీటర్లు కుంచించుకుపోతుంది. 27 కిలోమీటర్లకి కూడితే దాదాపు 80 మీటర్లు. ఆ పొడవు ఎక్కడికి పోవాలి? ప్రతి రెండు మ్యాగ్నెట్ల మధ్యా బెల్లోస్ పెట్టారు, ముడతలు ముడతలుగా ఉండే స్టీలు గొట్టం, సాగుతుంది, ముడుచుకుంటుంది, లీకు మాత్రం కాకూడదు. బెల్లోస్ ముడతలు బీమ్‌కి కనబడితే బీమ్‌తో పాటు నడిచే కరెంటుకి ఇబ్బంది, కాబట్టి లోపల రాగి పట్టీలు ఒకదాని మీద ఒకటి జారేలా పెట్టారు. చల్లబరిచిన సెక్టార్‌ని, అంటే వలయంలో ఒక భాగాన్ని, మళ్ళీ వేడెక్కిస్తే ఈ పట్టీలు కొన్నిచోట్ల వంగి గొట్టంలోకి పొడుచుకొచ్చే ప్రమాదం ఉంటుంది. అది కనిపెట్టడానికి వాళ్ళు చేసిన పని ఎంత బాగుందో చూడు: టేబుల్ టెన్నిస్ బంతి అంత ప్లాస్టిక్ బంతిలో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, గొట్టంలోకి వదిలి గాలితో నెట్టారు. బంతి ఎక్కడ ఆగితే అక్కడ పట్టీ వంగినట్టు.

వాక్యూమ్ నా సబ్జెక్టు కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. బీమ్ గొట్టంలో గాలి ఒత్తిడి వాతావరణ ఒత్తిడిలో పది లక్షల కోట్లవ వంతు. ఎందుకంత? బీమ్‌ని ఒకసారి నింపితే చాలా గంటలు తిప్పుతారు, దారిలో గాలి అణువులు ఉంటే ప్రోటాన్లు వాటికి తగిలి చెదిరిపోతాయి, చెదిరినవి పక్కనున్న మ్యాగ్నెట్‌ని వేడెక్కిస్తాయి, ఆ చల్లటి తీగకి కొంచెం వేడి చాలు సూపర్ కండక్టర్ గుణం పోవడానికి. దాన్ని క్వెంచ్ అంటారు. అప్పుడు 11,000 ఆంపియర్లకి దారి మూసుకుపోయినట్టే, ఆ శక్తిని వెంటనే పక్కకి మళ్ళించాలి. ఇంత వాక్యూమ్ పంపు పెట్టగానే రాదు. గాలి పోయాక కూడా లోహం ఉపరితలం మీద అతుక్కున్న నీటి అణువులు రోజుల తరబడి విడుదలవుతూనే ఉంటాయి. అందుకే మామూలు ఉష్ణోగ్రతలో ఉండే భాగాలను వాక్యూమ్‌లో ఉంచి వందల డిగ్రీల దాకా కాల్చి ఆ తేమ తీస్తారు, చల్లటి మ్యాగ్నెట్ల లోపల అయితే ఆ చలికే వాయువులు గోడకి గడ్డకట్టి అంటుకుపోతాయి. లోపలి భాగం మీద ఒక్క వేలిముద్ర పడిందంటే ఆ నూనె చాలు మన పని పాడు చెయ్యడానికి. గ్లౌజులు లేకుండా ఫ్లాంజ్ (గొట్టాలను కలిపి బిగించే అంచు) పట్టుకున్న కుర్రాడిని ఇండోర్‌లో మా సీనియర్లు ఊరుకునేవారు కాదు, నేనూ తర్వాత ఎవరినీ ఊరుకోనిచ్చేవాణ్ణి కాదు. లీకు వెతకడం ఇంకో విద్య. బయట నుంచి వెల్డింగ్ మీద సన్నగా హీలియం ఊది, లోపల హీలియం కనబడుతుందా అని డిటెక్టర్‌లో చూస్తాం. ఓపిక లేనివాడు ఈ పని చెయ్యలేడు.

అతుకు ఎంత ముఖ్యమో 2008 చెప్పింది. సెప్టెంబర్ 10న మొదటి బీమ్ తిరిగింది, ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. సెప్టెంబర్ 19న ఒక సెక్టార్‌లో కరెంటు పెంచుతుంటే రెండు మ్యాగ్నెట్ల మధ్య తీగల అతుకు ఒకటి సరిగా లేక వేడెక్కి, తెగి, మెరుపులాంటి ఆర్క్ వచ్చి హీలియం ఉన్న గొట్టానికి చిల్లు పడింది. టన్నుల కొద్దీ హీలియం ఒక్కసారి వాయువుగా మారేసరికి ఆ ఒత్తిడికి 35 టన్నుల మ్యాగ్నెట్లు పునాదుల మీద నుంచి జరిగిపోయాయి, బీమ్ గొట్టంలోకి మసి పట్టేసింది. 53 మ్యాగ్నెట్లు బయటికి తీయాల్సి వచ్చింది, మళ్ళీ నడిచింది 2009 నవంబర్‌లో. అప్పుడు సొరంగంలో బీమ్ లేదు, మనిషీ లేడు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అలాంటి పెద్ద అతుకులు మొత్తం 10,000 దాకా ఉన్నాయి. 2013, 2014లో యంత్రం ఆపి వాటన్నిటినీ ఒక్కొక్కటిగా చూసి, బాగా లేనివి విప్పి మళ్ళీ సోల్డర్ చేసి, అన్నిటికీ అదనంగా రాగి పలకలు వేశారు. నోబెల్ బహుమతి వచ్చే ఫిజిక్స్ ఒక సోల్డరింగ్ మీద ఆధారపడి ఏడాదికి పైగా ఆగిపోయింది, అందుకే మెకానికల్ వాడికి అక్కడేం పని అన్న నీ ప్రశ్న నాకు బాధగా అనిపించింది, అలా అనుకోకు.

ప్రమాదం సంగతి. డిజైన్ శక్తిలో ఒక్కో బీమ్‌లో ఉండే శక్తి 362 మెగాజూళ్ళు, అర టన్నుకు పైగా రాగిని కరిగించేస్తుంది. కాబట్టి తగిలితే యంత్రానికి నిజంగానే ప్రమాదం. అందుకే దారి పొడవునా వేల సంఖ్యలో డిటెక్టర్లు ఉంటాయి, ఎక్కడైనా ప్రోటాన్లు చెదురుతున్నాయని తెలిసిన వెంటనే, కొన్ని చుట్లు తిరిగేలోపే, బీమ్‌ని పక్క సొరంగంలోకి మళ్ళించి పెద్ద గ్రాఫైట్ దిమ్మలోకి పంపేస్తారు. బీమ్ మొత్తం ఖాళీ కావడానికి ఒక చుట్టు సమయం చాలు, అంటే సెకనులో పదివేలవ వంతు లోపే. అక్కడితో అయిపోయింది. అణు రియాక్టర్‌కీ దీనికీ తేడా ఇక్కడే. రియాక్టర్‌లో ఇంధనం ఉంటుంది, ఆపాక కూడా వేడి పుడుతూ ఉంటుంది, చల్లబరుస్తూ ఉండాలి. యాక్సిలరేటర్‌లో గొలుసు చర్య లేదు, కరెంటు పోతే బీమ్ పోతుంది. బీమ్ ఉన్నప్పుడు సొరంగంలోకి ఎవరినీ పోనివ్వరు, ఆగాక కొన్ని భాగాల్లో రేడియోధార్మికత కొంత మిగులుతుంది, అది కొలిచి చూసుకునే లోపలికి వెళతారు. పైన 100 మీటర్ల మట్టి మీద పొలాలున్నాయి, ఆవులు మేస్తున్నాయి. కొవ్వాడ మీద నీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, అది వేరే చర్చ, రెండింటినీ కలపొద్దు.

2008లో టీవీల్లో బ్లాక్ హోల్ వచ్చి భూమిని మింగేస్తుందని రోజంతా వేశారు, పిల్లలు నిద్రపోలేదు. అలా వేసినవాళ్ళని నేను ఇప్పటికీ క్షమించలేను. అంతరిక్షం నుంచి కాస్మిక్ కిరణాలు భూమి మీద, చంద్రుడి మీద ఎప్పుడూ పడుతూనే ఉన్నాయి. 1991లో అమెరికాలోని యూటాలో నమోదైన ఒక్క కణం శక్తి ఎంతంటే, అది గాలిలో ప్రోటాన్‌ని తగిలినా సెర్న్ ఢీకొట్టుడు కన్నా పదుల రెట్లు బలమైనది. కోట్ల ఏళ్ళుగా అవి తగులుతుంటే భూమి ఉంది, చంద్రుడూ ఉన్నాడు. అలాగే సెర్న్‌లోని నటరాజ విగ్రహం 2004లో భారత ప్రభుత్వం ఇచ్చిన కానుక, దాని చుట్టూ వాట్సాప్‌లో తిరిగే కథలు నమ్మకు.

ఇంక ఢీకొట్టడం, దీన్ని తొందరగా ముగిస్తాను. నాలుగు చోట్ల రెండు బీమ్‌లనీ వెంట్రుక కన్నా సన్నగా నొక్కి ఒకదానిలోంచి ఒకటి పంపుతారు. పదివేల కోట్ల ప్రోటాన్లు ఇటు, అన్నే అటు, అయినా ఒక్కో దాటుడులో నిజంగా ఢీకొనేవి కొన్ని పదులు. మిగతావి తాకకుండా దాటిపోయి మళ్ళీ చుట్టు తిరుగుతాయి. సెకనుకు 4 కోట్ల సార్లు దాటే అవకాశం ఉంది కాబట్టి ఆ పదులు కలిసి సెకనుకు వంద కోట్ల ఢీకొట్టుళ్ళు దాటతాయి. అన్నీ దాచడం ఎవరివల్లా కాదు, కంప్యూటర్లు అక్కడికక్కడే వడపోసి సెకనుకు వేలల్లో మాత్రమే ఉంచుతాయి. హిగ్స్ బోసాన్, అంటే కణాలకు ద్రవ్యరాశి ఎలా వచ్చిందో చెప్పే కణం, దాదాపు వంద కోట్ల ఢీకొట్టుళ్ళకి ఒకసారి పుడుతుంది, పుట్టీ పుట్టగానే విరిగిపోతుంది, విరిగిన ముక్కల్ని బట్టి లెక్క కట్టాలి. అది దొరికిందని 2012 జులై 4న ప్రకటించారు, మరుసటి ఏడాది దాన్ని ముందే ఊహించిన పీటర్ హిగ్స్, ఫ్రాంస్వా ఆంగ్లేర్‌లకు నోబెల్ వచ్చింది.

మా ఇంటికి వచ్చే ఒక పెద్దాయన "ఇన్ని డబ్బులు పోసి ఏటి చూసినారు బాబూ" అని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి క్యాన్సర్ రేడియేషన్ కోసం విశాఖ వెళ్ళేవాళ్ళు పడుకునే ఆ మిషన్ కూడా లైనాకే, అందులోనూ రేడియో తరంగంతోనే ఎలక్ట్రాన్లను తోస్తారు, పొడవు మాత్రం మీటరు రెండు మీటర్లు. మన కళింగపట్నం, భావనపాడు వైపు ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం. థోరియంతో కరెంటు తీయడానికి ప్రోటాన్ యాక్సిలరేటర్‌ని వాడొచ్చా అని ముంబై ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో మన వాళ్ళే పరిశోధన చేస్తున్నారు. ఫలితం రావడానికి సమయం పడుతుంది, కానీ దారి అదే.

నీ చివరి ప్రశ్నకి. ఆ 35 టన్నుల మ్యాగ్నెట్ల కింద వాటిని మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువ తేడాతో సర్దే జాకులు ఉన్నాయి, మ్యాగ్నెట్‌కి మూడు, మిగతా రకాల మ్యాగ్నెట్లవీ కలిపి సుమారు 7,000. అవి ఇండోర్ సెంటర్ ద్వారా మన దేశంలో తయారై వెళ్ళాయి. భారత్ 2017 నుంచి సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం, మనవాళ్ళు అక్కడి కొన్ని ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టొచ్చు. దగ్గర దారి అయితే అణుశక్తి శాఖ వాళ్ళు డిప్లొమా వాళ్ళని స్టైపెండరీ ట్రైనీలుగా తీసుకునే నోటిఫికేషన్లు, భాభా సెంటర్ పేరుతో వస్తుంటాయి, ఇండోర్, కోల్‌కతా సైక్లోట్రాన్ సెంటర్ల వెబ్‌సైట్లు కూడా చూస్తూ ఉండు. మెకానికల్ అని కనబడితే వదలకు. ఈలోగా కాలేజీ వర్క్‌షాప్‌లో టిగ్ వెల్డింగ్ బాగా పట్టు, స్టెయిన్‌లెస్ స్టీల్ మీద. టాలరెన్సులు, ఫిట్స్ చాప్టర్ మార్కుల కోసం కాకుండా చేత్తో కొలిచి నేర్చుకో. ఇంటర్వ్యూలో వాక్యూమ్ పంపులు రోటరీ, టర్బో మాలిక్యులర్, అయాన్ పంపు, ఏది ఏ ఒత్తిడి దాకా పనిచేస్తుందో అడుగుతారు. ఆ భాగం చదివాక ఎక్కడైనా ఆగితే రాయి, చెబుతాను.